పంపు పెంచితే బండి లాగుతుంది... మరి ఆగుతుందా?

వరి కోతలు మొదలయ్యాక వడ్లమూడి దగ్గర గుంటూరు–తెనాలి రోడ్డు మీద ఓ గంట నిలబడండి. ధాన్యం బస్తాలు, గడ్డి మోపులు, ఇసుక, గ్రావెల్... ఏదో ఒకటి నెత్తిన పెట్టుకుని ట్రాక్టర్లు పోతూనే ఉంటాయి. వాటిలో కొన్నింటిని చూడక్కర్లేదు, వింటే చాలు, పట్టేయొచ్చు. మామూలు ట్రాక్టరు 'డుగుడుగు'మంటుంది. ఇవి గొంతు చించుకున్నట్టు అరుస్తాయి. కాల్వ వంతెన ఎక్కేటప్పుడు సైలెన్సర్ గొట్టంలోంచి నల్లటి పొగ నిటారుగా లేస్తుంది. వెనకాల బైకు మీద ఉన్నవాళ్లకి తెల్ల చొక్కా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ పొగకి మనవైపు ఒక పేరుంది: "పంపు పెంచిన బండి". కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దీన్నే ట్యూనింగ్ అంటారు, రీమ్యాప్ అంటారు. అమెరికాలో పెద్ద డీజిల్ పికప్పుల వెనక గుర్రాల ట్రెయిలర్లు, పడవలు కట్టుకుని తిరిగేవాళ్లు చేసేదీ ఇదే. ఇంజను పవర్ పెంచడం, దాని వెనక బరువు పెంచడం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మన సిలబస్‌లో ఉన్న లెక్కలతోనే చూద్దాం. థర్మల్‌లో పాసయ్యామా, బ్యాక్‌లాగ్ ఉందా అన్నది ఇక్కడ అనవసరం. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ముందుగా ఒక మాట. మనవైపు 'ట్రక్కు' అంటే లారీ కాదు, ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. ఈ వ్యాసంలో కూడా అంతే.

పంపు పెంచడం అంటే అసలేం చేస్తారు?

డీజిల్ ఇంజనుకి కార్బ్యురేటర్ ఉండదు, స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. ఎంత చిమ్మాలో నిర్ణయించేది ఇంజెక్షన్ పంపు. గరిష్ఠంగా ఇంతే అని కంపెనీ ఒక స్క్రూతో హద్దు పెట్టి, సీలు వేసి పంపిస్తుంది. ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దాటకూడదో చూసే గవర్నర్‌కి ఇంకో స్క్రూ. మెకానిక్ ఆ సీలు తెంచి మొదటి స్క్రూ తిప్పితే ప్రతి స్ట్రోకుకీ డీజిల్ ఎక్కువ పడుతుంది, రెండోది తిప్పితే ఇంజను ఎక్కువ తిరుగుతుంది. అరగంట పని. కొత్త ట్రాక్టర్లు, బీఎస్ 6 లారీల్లో స్క్రూ బదులు కంప్యూటర్ ఉంటుంది కాబట్టి అక్కడ ల్యాప్‌టాప్ తెచ్చి సాఫ్ట్‌వేర్ మారుస్తారు. సాధనం మారింది కానీ పని అదే.

ఇక్కడ పెట్రోలుకీ డీజిల్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. డీజిల్ ఇంజను ఎప్పుడూ అవసరానికి మించిన గాలితో నడుస్తుంది. ఆ మిగులు గాలే దాని ఆరోగ్యం. డీజిల్ పెంచి, గాలి మాత్రం పాతదే ఉంచితే ఆ మిగులు తగ్గుతూ పోతుంది, లోపల మంట వేడి పెరుగుతూ పోతుంది. ఒక హద్దు దాటాక డీజిల్ పూర్తిగా కాలదు. మనం చూసే నల్లపొగ అదే: కాలని డీజిల్ మసి. అంటే పొగ వస్తుందంటే పవర్ వస్తుందని కాదు, డబ్బులిచ్చి కొన్న డీజిల్ ఆకాశంలో కలుస్తుందని అర్థం.

వేడి సంగతి. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ అంతదాకా పోనక్కర్లేదు, అందులో సగం వేడికే పిస్టన్ బలం బాగా తగ్గిపోతుంది. ఖాళీ బండి మీద ఒక నిమిషం రేజ్ చేస్తే ఏమీ కాదు. అసలు పరీక్ష బరువుతో పది నిమిషాలు ఆపకుండా లాగినప్పుడు. ఆ వేడి పిస్టన్ తలకి, ఎగ్జాస్ట్ వాల్వుకి, హెడ్ గ్యాస్కెట్‌కి ఎక్కుతుంది. టర్బో ఉన్న బండయితే టర్బోకి కూడా. సిలిండరు గోడల మీద మిగిలిన డీజిల్ ఆయిల్ పొరను కడిగేసి కింద సంప్‌లోకి దిగుతుంది, ఇంజన్ ఆయిల్ పలచబడుతుంది. అందుకే "పంపు పెంచి రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది, ఉన్నట్టుండి బోర్‌కి వచ్చింది" అనే మాట ఎక్కువగా వింటుంటాం. ఉన్నట్టుండి కాదు, రెండేళ్లుగా వస్తూనే ఉంది.

గవర్నర్ స్క్రూ ఇంకో కథ. 2200 ఆర్‌పీఎం దగ్గర ఆగాల్సిన ఇంజనుని 2600 దాకా తిప్పితే వేగం పెరిగేది 18 శాతమే. కానీ పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే దాదాపు 40 శాతం. రాడ్ విరిగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

అయితే ఇదంతా డబ్బు నష్టం. ఇంజను పోతే అప్పు చేసైనా కట్టించుకోవచ్చు. అసలు ప్రమాదం ఇంజన్లో లేదు.

బాబాయ్ అడిగిన ప్రశ్న

దుగ్గిరాల అవతల మా బాబాయ్‌కి 45 హెచ్‌పీ ట్రాక్టరుంది. సొంత పొలం కొంచెమే, కోతల సీజన్లో కిరాయికి తిప్పితేనే ఫైనాన్స్ కిస్తీ గడుస్తుంది. సెలవులకి వెళ్లినప్పుడు అడిగాడు.

"ఏరా, నువ్వు మెకానికలేగా? పంపు పెంచితే ఇంజనుకేమన్నా అవుద్దా?"

"ఇంజను సంగతి తర్వాత బాబాయ్. బ్రేకులు ఎట్టా ఉన్నయ్?"

"బ్రేకులకేం, బాగానే పడతన్నాయి."

"ఖాళీ బండికా, వంద బస్తాలకా?"

ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. కాసేపాగి, "ఊళ్లో అందరూ పెంచారురా. వాళ్లు మూడు ట్రిప్పులు కొడుతుంటే నేను రెండు కొడతన్నా. రైతు ఎవర్ని పిలుస్తాడు?" అన్నాడు.

ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. మిల్లు దగ్గర లైన్లో నిలబడి, రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషి సరదాకి అడిగిన ప్రశ్న కాదిది. అందుకే ఇద్దరం కూర్చుని నోటు పుస్తకంలో లెక్క వేశాం.

లాగడానికి ఎంత పవర్ కావాలి?

ట్రాక్టరు 2 టన్నులు. ఖాళీ ట్రక్కు ఒకటిన్నర టన్ను. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు కాబట్టి వంద బస్తాలంటే ఏడున్నర టన్నులు. మొత్తం 11 టన్నులు. అంకెలు బండిని బట్టి మారతాయి, ఇది అంచనా లెక్క.

చదునైన తారురోడ్డు మీద టైర్లు దొర్లడానికి పట్టే నిరోధం బరువులో సుమారు 2 శాతం. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రాల దగ్గర దాదాపు 20 హెచ్‌పీ చాలు. 45 హెచ్‌పీ బండికి ఇది లెక్కే కాదు.

ఇప్పుడు వంతెన ఎక్కుదాం. వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే ఎత్తు. 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే 28 హెచ్‌పీ కావాలి. ఇదీ ఉంది. అదే ఎత్తు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే? 56 హెచ్‌పీ. ఇదిగో, ఇక్కడ చాలదు.

అంటే కంపెనీ ఇచ్చిన ఇంజను ఆ బరువును లాగగలదు, గేరు దించితే చాలు. పంపు పెంచి మనం కొనుక్కుంటున్నది లాగే శక్తి కాదు, లాగుతూ పరుగెత్తే వేగం. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఆపడానికి ఎంత దూరం కావాలి?

మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. ట్రక్కుకి చాలా చోట్ల అసలు బ్రేకులే ఉండవు. అంటే 11 టన్నుల్ని ఆపాల్సింది రెండు టైర్లు.

టైరు ఎంత పట్టు ఇస్తుందన్నది దాని మీద ఎంత బరువు పడుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రాక్టరు వెనక చక్రాల మీద దాని సొంత బరువు 1.3 టన్నులు, రెండు చక్రాల ట్రక్కయితే హుక్కు మీద పడే బరువు మరో టన్ను, మొత్తం 2.3 టన్నులు అనుకుందాం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.6 వేసుకుంటే గరిష్ఠ బ్రేకింగ్ బలం సుమారు 1,380 కిలోల బరువుకి సమానం. ఈ కాస్త బలంతో 11 టన్నుల్ని ఆపాలి. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద పెట్టడానికి ఒక సెకను కలుపుకుంటే:

గంటకి 30 కిలోమీటర్ల వేగంలో: సుమారు 36 మీటర్లు.
45 కిలోమీటర్ల వేగంలో: సుమారు 76 మీటర్లు.
అదే 45లో వాన పడి రోడ్డు తడిగా ఉంటే: 120 మీటర్లు.

అదే 45 కిలోమీటర్ల వేగంలో ఒక కారు దాదాపు 24 మీటర్లలో ఆగిపోతుంది. అంటే ముందు పోతున్న కారు సడెన్ బ్రేకు వేస్తే, వెనక ట్రాక్టరు డ్రైవరు ఎంత ఒడుపున్నవాడైనా, దేవుడికి దండం పెట్టుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ. తడి రోడ్డు మీద 120 మీటర్లంటే క్రికెట్ గ్రౌండులో ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీకి దగ్గర దగ్గర.

వంతెన దిగేటప్పుడు ఇంకా కష్టం. 5 శాతం వాలులో 11 టన్నులు కిందికి తోసే బలం 550 కిలోలు. ఉన్న 1,380లో 550 వేగం పెరగకుండా పట్టుకోవడానికే పోతుంది. మిగిలిన 830తోనే ఆపాలి. అప్పుడు 45 కిలోమీటర్ల దగ్గర బండి ఆగడానికి 115 మీటర్లకు పైగా పడుతుంది, అది కూడా పొడి రోడ్డు మీద. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లున్నారు. గేరులో ఉంటే ఇంజను కూడా బండిని పట్టి ఆపుతుంది, న్యూట్రల్ చేస్తే ఆ సాయమూ పోతుంది. ఆదా అయ్యేది చెంచాడు డీజిల్.

ఈ లెక్క మొత్తంలో ఇంజను హెచ్‌పీ ఎక్కడా రాలేదు, గమనించారా? ఆగే దూరానికి పవర్‌తో సంబంధం లేదు. పంపు పెంచినప్పుడు లాగే బలం పెరుగుతుంది కానీ బ్రేకులు పెరగవు, టైరు పట్టు పెరగదు, హుక్కు పిన్ను లావెక్కదు. బండిలో ఒక్క భాగమే ఎదుగుతుంది, మిగతావన్నీ అక్కడే ఉండిపోతాయి.

వెనక్కి లేచే ముందు చక్రాలు

బండి బురదలో కూరుకుపోయినప్పుడు, కాల్వ కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేవడం చూసే ఉంటారు. యూట్యూబ్‌లో దాన్ని స్టంటుగా పెట్టి, కింద డీజే పాట వేస్తారు. దాని వెనకున్నది టార్క్ లెక్క.

ముందు ఇరుసు మీద 700 కిలోల బరువు, రెండు ఇరుసుల మధ్య 1.9 మీటర్ల దూరం. రెండూ గుణిస్తే 1,330. ముందు భాగాన్ని నేల మీద పట్టి ఉంచేది ఇదే. వెనక నుంచి లాగే బలం, అది తగిలించిన ఎత్తు, ఈ రెండింటి లబ్ధం 1,330 దాటితే ముందు చక్రాలు లేస్తాయి.

డ్రాబారు నేలకి 0.4 మీటర్ల ఎత్తులో ఉంటే 3,300 కిలోల లాగుడు కావాలి. గట్టి నేల మీద వెనక టైర్లు 1,400 కిలోల దగ్గరే జారిపోతాయి. అంటే బండి లేవదు, టైర్లు తిరుగుతాయి. కంపెనీ డ్రాబారుని కిందికి పెట్టింది ఇందుకే. అదే గొలుసు తీసుకెళ్లి పైన ఒక మీటరు ఎత్తులో ఎక్కడో కట్టారనుకోండి, 1,330 కిలోలకే లేచిపోతుంది. టైరు జారేలోపే ట్రాక్టరు లేస్తుంది.

బురదలో టైరు ఇరుక్కుని అసలు తిరగలేని స్థితి ఇంకా ప్రమాదం. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. మొదటి గేరులో ఏ ట్రాక్టరుకైనా దానికి సరిపడా టార్క్ ఉంటుంది. పంపు పెంచిన బండికి అది ఇంకా వేగంగా వస్తుంది. వెనక్కి తిరగబడటానికి పట్టే సమయం ఒకటిన్నర సెకను అటూ ఇటూ. అందులో సగం గడిచాక క్లచ్ తొక్కినా ప్రయోజనం ఉండదు. మనిషి "ఏంటిది" అనుకునేలోపు అయిపోతుంది.

రెండు చక్రాల ట్రక్కులో బరువు ముందుకి సర్దితే ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. హుక్కు మీద టన్ను పడితే ముందు ఇరుసు దాదాపు 300 కిలోలు తేలికవుతుంది. స్టీరింగ్ తిప్పుతాం కానీ బండి తిరగదు. "స్టీరింగ్ వెన్నలా ఉంది" అని మురిసిపోయే డ్రైవరు, ముందు టైర్లు రోడ్డుని సరిగా తాకడం లేదని గుర్తించాలి.

ట్రక్కులో ఉన్నది బస్తాలు కానప్పుడు

ఇంతదాకా ధాన్యం గురించి మాట్లాడాం. కానీ అదే ట్రక్కులో కూలీలు వెళ్తారు, పెళ్లివాళ్లు వెళ్తారు, తిరునాళ్లకి ఊరు ఊరంతా వెళ్తుంది. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. 2023 జూన్‌లో మనకి పక్కనే వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళ్తున్న ట్రాక్టరు బోల్తా పడి పలువురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. ఇవి పంపు పెంచడం వల్ల జరిగాయని నేను అనడం లేదు. మామూలు ట్రాక్టరు, మామూలు ట్రక్కు, మామూలు వేగంలోనే ఎంత నిలకడ లేనివో చెప్పడానికే గుర్తు చేస్తున్నా. ఇప్పటికే అంచున ఉన్న బండికి ఇంకో పది హెచ్‌పీ ఇవ్వడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి.

అమెరికాలో అయినా ఇదే కథ

అక్కడి పికప్పుల పవర్ వినగానే మనవాళ్లకి కళ్లు తిరుగుతాయి. కానీ ఒక పికప్పు ఎంత బరువు లాగొచ్చో అక్కడ హెచ్‌పీ చూసి చెప్పరు. జే 2807 అనే ఎస్ఏఈ ప్రమాణం ఉంది. దాని ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరున్న దాదాపు 18 కిలోమీటర్ల ఎత్తురోడ్డుని, ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, ట్రెయిలరుతో ఎక్కించి చూస్తారు. ఇంజను వేడెక్కకూడదు. బ్రేకులు, మలుపులో నిలకడ, హుక్కు బలం కూడా చూస్తారు. వీటన్నింటిలో ఏది బలహీనమైతే అదే బండి హద్దు. ట్యూనింగ్‌తో హెచ్‌పీ పెంచినా ఆ హద్దు ఒక్క కిలో కూడా పెరగదు.

పొగ సంగతి కూడా చిన్నది కాదు. పదేళ్ల కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పుల్లో కాలుష్య నియంత్రణ పరికరాలు తీసేశారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది.

చట్టం, బీమా

మన మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అధిక బరువుకి సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. జరిమానా కన్నా పెద్దది బీమా. మార్పులు చేసిన బండి ఎవరినైనా గుద్దితే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది. అక్కడ పోయేది ఒక సీజను కిరాయి కాదు, ఉన్న ఎకరం.

మరి కిరాయి మాటేంటి?

లెక్క అయ్యాక బాబాయ్ అడిగిన రెండో ప్రశ్న ఇదే. దానికి నా దగ్గరున్న సమాధానాలు చిన్నవే, కానీ పనికొచ్చేవి.

ఒకటి, బండి లాగడం లేదంటే ముందు పంపుని అనుమానించకండి. కోతల దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ నిండిపోయి ఉంటుంది, రేడియేటర్ జాలీలో గడ్డి ఇరుక్కుని ఉంటుంది, నాజిళ్లు అరిగి ఉంటాయి, క్లచ్ జారుతుంటుంది. వీటిని సరిచేస్తే పోయిన పవర్ తిరిగొస్తుంది. బాబాయ్ బండిలో ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే అరచేతి నిండా దుమ్ము రాలింది.

రెండు, రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనీ కలిపే కొక్కెం వేయండి. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడి బ్రేకులు ఉపయోగమే. రోడ్డు మీద ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి గిర్రున తిరుగుతుంది.

మూడు, హుక్కులో అసలు పిన్నే వాడండి, దొరికిన ఇనప ఊచ కాదు. పిన్ను జారకుండా లించ్ పిన్ను పెట్టి, పక్కన ఒక గొలుసు కూడా వేయండి.

నాలుగు, వంతెన ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. న్యూట్రల్ మాటే వద్దు.

ఐదు, వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు. రాత్రిపూట లైటు లేని ట్రక్కుని వెనక నుంచి గుద్దేది ఎక్కువగా బైకుల మీద పోయే మనలాంటివాళ్లే.

బాబాయ్ పంపు జోలికి పోలేదు. బస్తాలు ఎనభైకి తగ్గించాడు. ట్రిప్పులు మాత్రం ఇప్పటికీ రెండే. పక్కవాళ్లు మూడు కొడుతూనే ఉన్నారు. లెక్క సరైనదైనంత మాత్రాన కిరాయి పెరగదు, ఆ సంగతి నాకూ తెలుసు.

అందుకే చివరగా మనవాళ్లకి ఒక మాట. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏం చేయాలా అని తల పట్టుకునేవాళ్లు, బయట కొన్న మోడల్‌కి రంగు వేసే బదులు దీన్ని చూడండి. ఓవర్‌రన్ బ్రేక్ అని ఒక పాత పద్ధతి ఉంది. ముందు బండి వేగం తగ్గగానే వెనక ట్రక్కు దాన్ని నెడుతుంది కదా, ఆ నెట్టుడు బలంతోనే హుక్కు దగ్గరి రాడ్ కదిలి ట్రక్కు చక్రాలకి బ్రేకు వేస్తుంది. హైడ్రాలిక్స్ లేకపోయినా, కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. యూరప్‌లో చిన్న ట్రెయిలర్లకి మామూలే. మన ఊరి వెల్డింగ్ షాపులో తయారయ్యేలా, రైతు భరించగలిగే ధరలో, బురదకీ దుమ్ముకీ తట్టుకునేలా దీన్ని చేయగలమా? రివర్స్ చేసేటప్పుడు బ్రేకు పడకుండా ఎలా ఆపాలి? రెండూ మంచి డిజైన్ సమస్యలే. టెస్టింగుకి ట్రాక్టరు కావాలంటే చెప్పండి, బాబాయ్‌ని నేను ఒప్పిస్తా. డీజిల్ మాత్రం మీదే.